ఫోన్లో దాక్కున్న ఎం.ఏ.

ప్రశ్న: నా వయసు 36. మేం విశాఖపట్నం కూర్మన్నపాలెంలో ఉంటాం. దగ్గర్లోని ఒక ప్రైవేటు హైస్కూలులో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మావారికి స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అమ్మాయి ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ పుట్టిల్లు ప్లాంటుకు భూములిచ్చిన ఊళ్ళలో ఒకటి. "జమీందారుకు శిస్తు కట్టలేని రైతు ఎక్కడికి పోయేవాడు టీచర్?" అని ఒక పిల్లవాడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఆ బాధతోనే పోయిన ఏడాది జనవరిలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో ఎం.ఏ. చరిత్రలో చేరాను. ఏడాదికి నాలుగు పేపర్లు, ఒక్కోటి 8 క్రెడిట్లు. ఫీజు తగ్గుతుందని అచ్చు పుస్తకాలు వద్దని డిజిటల్ ప్రతులు తీసుకున్నాను. పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, నేనేమో డిగ్రీ దాకా తెలుగు మీడియం. డిసెంబరులో నాలుగింటికీ ఫీజు కట్టి రెండే రాశాను. ఒకటి గట్టెక్కింది, ఆర్థిక చరిత్ర పోయింది. రెండో ఏడాదికి కూడా ఫీజు కట్టేశాను. ఉదయం నాలుగున్నరకు లేస్తాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని పన్నెండింటి దాకా చదువుతాను. ఈమధ్య కళ్ళు తిరుగుతున్నాయి. అత్తగారు "ఈ వయసులో ఎవరిని ఉద్ధరించడానికి" అంటారు. మావారిని అడిగితే "నీ ఇష్టం" అంటారు. మొన్న అమ్మాయి వాళ్ళ నాన్నతో "అమ్మ ఎప్పుడు చూసినా ఫోనులోనే ఉంటుంది" అంది. ఆ రాత్రి ఒక్క పేజీ కూడా తిరగలేదు. జూన్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. మానేయనా?
ఒక పాఠకురాలు, కూర్మన్నపాలెం

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగున్నరకు లేవడం, క్యారేజీలు కట్టడం, బడి, అత్తగారి మందులు, ఇవన్నీ గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ ఇంటి తలుపు తట్టినా కనిపించేవే. నన్ను ఆపింది మీ అమ్మాయి మాట. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. తనకు కనిపించిందే చెప్పింది.

ఆ ఇంట్లో వాళ్ళ కళ్ళతో ఒకసారి చూడండి. బల్ల మీద పుస్తకం లేదు, సంచిలో నోట్సు లేదు. ఒక మనిషి వంటింట్లో దీపం వేసుకుని, పన్నెండింటి దాకా ఫోను పట్టుకుని కూర్చుంటోంది. ఆమె భారత ఆర్థిక చరిత్ర చదువుతోందో, చీరల వీడియోలు చూస్తోందో ఎవరికి తెలియాలి? మీ ఎం.ఏ. మీ ఇంట్లో ఎవరికీ కనిపించలేదమ్మా. అది మీ ఫోన్లో దాక్కుంది. కనిపించని పనికి మన ఇళ్ళల్లో ఎవరూ వాటా వదలరు. గ్యాసు బండ అయిపోతే అందరికీ తెలుస్తుంది, మీ రెండో యూనిట్ అవ్వకపోతే ఎవరికి తెలుస్తుంది?

అందుకని టైంటేబుల్ కన్నా ముందు ఒక పని చెబుతాను. జూన్‌లో రాయబోయే పేపర్ల పాఠాలను జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించండి. డిజిటల్ ప్రతులతో మిగిలిన ఫీజులో కొంత దీనికే పోతుంది, పోనివ్వండి. ఆ పుస్తకాల్ని వంటింటి అలమరలో కాకుండా ముందుగదిలో, టీవీ పక్కన, అందరూ అటూ ఇటూ తిరిగేచోట పెట్టండి. మీరు చదివేదీ అక్కడే. వంటింట్లో కూర్చున్న ఆడమనిషి ఏం చేస్తున్నా చూసేవాళ్ళకు వంటే చేస్తున్నట్టు ఉంటుంది. అందుకే అక్కడికి వచ్చి "ఉప్పెక్కడుంది" అని అడుగుతారు.

ఇదంతా తెలిసి చెబుతున్నదాన్ని. 1980ల మధ్యలో నేను టెలిఫోన్ల శాఖలో దూరపు ఊళ్ళ కాల్స్ కలిపే ట్రంకు ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్ని. కంచరపాలెంలో మా అత్తవారిల్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కరెస్పాండెన్సు కోర్సులో ఎం.ఏ. కట్టాను. మా ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాఠాలు ఆఫీసు బీరువాలో పెట్టుకుని నైట్ డ్యూటీలో కాల్స్ తగ్గాక చదివేదాన్ని. ఆ ఏడాది సింహాచలం చందనోత్సవం మర్నాడు నాకు పరీక్ష పడింది. నిజరూప దర్శనానికి శ్రీకాకుళం వైపు నుంచి చుట్టాలు ఆరుగురు దిగారు. కొండ మీద క్యూలో నిలబడి, సాయంత్రానికి ఇల్లు చేరి, పొద్దున్న ఇడ్లీలు తిని బయల్దేరతామన్నారు. నేను సెలవు పెట్టి ఇంట్లో మాత్రం "నాకు ఆఫ్" అని చెప్పాను. ఆఫ్ ఉన్న కోడలు ఏం చేస్తుంది? పప్పు నానబోసి, రుబ్బి, తెల్లారి ఇడ్లీలు వేసి, ఆరుగురికీ దారికి పులిహోర కట్టింది. పేపరు ఇచ్చే వేళకు నేను కొబ్బరి తురుముతున్నాను.

నాలుగు నెలల తరువాత మా అత్తగారికి ఆ సంగతి తెలిసింది. ఆవిడ నన్ను ఓదార్చలేదు, మండిపడింది. "నువ్వు చెప్పలేదు సరే, నన్నెందుకు దుర్మార్గురాలిని చేశావు?" అంది. నలభై ఏళ్ళయినా ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. చెప్పి ఉంటే ఆవిడ ఒప్పుకునేదో లేదో నాకిప్పటికీ తెలియదు. కానీ ఒప్పుకునే అవకాశం కూడా నేనే ఇవ్వలేదు కదా.

ఇక మీవారి "నీ ఇష్టం" సంగతి. ఆ మాట అడ్డు చెప్పనన్న హామీ మాత్రమే, అందులో సాయం లేదు. మీరు ఆయనను "చదవనా, మాననా" అని అడిగారు, ఆయన అడిగినదానికి జవాబు చెప్పారు. ఇంకోలా అడిగి చూడండి. "వచ్చే వారం మీకు బి షిఫ్టు కదా, పొద్దున్న బాబుకు క్యారేజీ కట్టి బడి దగ్గర దింపుతారా?" అనండి. దీనికి "నీ ఇష్టం" అని జవాబు చెప్పడం కుదరదు. అవుననాలి, లేదా కాదనాలి.

షిఫ్టు ఇళ్ళల్లో పెద్ద చిక్కు ఏమిటంటే, సోమవారం, మంగళవారం అని గీసిన టైంటేబుల్ పది రోజులు కూడా నిలవదు. ఆ ఇంటి గడియారం షిఫ్టు చార్టు. మీ చదువును దానికే కట్టేయండి. ఆయన ఉదయం ఆరింటికి వెళ్ళి రెండింటికి వచ్చే ఎ షిఫ్టు రోజుల్లో సాయంత్రం మనిషి ఇంట్లో ఉంటారు. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లల హోంవర్కు, అత్తగారి కాఫీ, గుమ్మంలోకి వచ్చిన కూరగాయల బండి ఆయనవి, ఆ రెండు గంటలూ మీవి. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళే బి షిఫ్టు రోజుల్లో పొద్దున్న మీది. వంట మీరు చేసినా పిల్లల్ని తయారుచేసి పంపడం ఆయన చూస్తే అయిదు నుంచి ఆరున్నర మీకు మిగులుతుంది. రాత్రి డ్యూటీ రోజుల్లో మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోకండి. పగలు ఆయన నిద్రపోతారు, ఇల్లంతా గుసగుసలతో నడుస్తుంది, అన్ని పనులూ మీ మీదే పడతాయి. ఆ రోజుల్లో పాఠం చదవలేదని బాధపడకుండా అసైన్‌మెంట్లు రాసుకోండి.

అసైన్‌మెంట్లకు నిశ్శబ్దం అక్కర్లేదు. ఒకసారి విషయం పోగుచేసుకున్నాక చేత్తో రాయడమేగా, బాబు ఎక్కాలు రాస్తున్నప్పుడు అదే బల్ల దగ్గర కూర్చుని రాయొచ్చు. కొత్త పాఠం చదవడానికి మాత్రం తలుపేసిన గది కావాలి. మీరిప్పుడు దీన్ని తలకిందులుగా చేస్తున్నారని నా అనుమానం: సాయంత్రం గోలలో ఇంగ్లీషు పాఠం తెరుస్తారు, బుర్రకెక్కదు, మూసేస్తారు. అర్ధరాత్రి నిశ్శబ్దంలో అసైన్‌మెంటు రాస్తారు.

ఇప్పుడు లెక్క. మానేయనా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఈ లెక్కలోనే ఉంది. ఇగ్నో వాళ్ళ కొలత ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పాఠాలు, అసైన్‌మెంట్లు, తరగతులు అన్నీ కలిపి. 8 క్రెడిట్ల పేపరుకు 240 గంటలు. ఏడాదిలో నాలుగు పేపర్లంటే 960 గంటలు, వారానికి పద్దెనిమిదిన్నర. రోజుకు రెండున్నర గంటల పైమాట, ఆదివారాలూ పండగలూ కలుపుకుని! ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, షిఫ్టు భర్త, మోకాళ్ళ నొప్పుల అత్తగారు ఉన్న మనిషి ఇన్ని గంటలు తేలేకపోతే అది ఆ మనిషి చేతకానితనమా? మీరు డిసెంబరులో ఓడిపోయారని అనుకుంటున్నారు. అసాధ్యమైన పందెంలో నాలుగో వంతు గెలిచారని నేనంటాను.

పైగా ఆ పందెం మీకెవరూ పెట్టలేదు. రెండేళ్ళన్నది ఈ కోర్సుకు కనీస కాలం, గరిష్ఠంగా నాలుగేళ్ళు ఇస్తారు. సార్వత్రిక విశ్వవిద్యాలయాలు పుట్టిందే మీలాంటి వాళ్ళ కోసం. దేశంలో మొదటిది 1982లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే వచ్చింది, ఇప్పుడు దాన్ని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం అంటున్నాం. ఇగ్నో 1985లో వచ్చింది. ఇరవై ఏళ్ళ కుర్రవాడికీ మీకూ ఒకే వేగం ఉండదని వాళ్ళకు మొదటినుంచీ తెలుసు. తెలియంది మీకే.

మీకు మిగిలినవి ఏడు పేపర్లు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. ఈ ఏడాది, వచ్చే ఏడాది, ఆపై ఏడాది కలిపి ఆరు అవకాశాలు. నా మాట వినేటట్టయితే జూన్‌లో రెండు, డిసెంబరులో ఒకటి రాయండి. ఆ పద్ధతిలో వచ్చే ఏడాది డిసెంబరుకు ఆరు అయిపోతాయి. ఆపై జూన్‌లో ఆఖరిది. ఏ జ్వరమో, ఏ పెళ్ళో అడ్డం పడితే ఇంకో డిసెంబరు చేతిలో ఉంటుంది. నాలుగింటికీ ఫీజు కట్టి రెండు రాయడం కన్నా రెండింటికే కట్టి రెండూ రాయడం మనసుకూ మంచిది, పర్సుకూ మంచిది.

జూన్‌లో రెండెందుకు, డిసెంబరులో ఒకటెందుకు అంటారేమో. మీరు టీచరు కాబట్టి. డిసెంబరుకు ముందు బడిలో పరీక్షలు, దిద్దాల్సిన పేపర్ల కట్టలు ఉంటాయి. జూన్‌కు ముందు వేసవి సెలవులు ఉంటాయి, ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళలో ఇంత అదృష్టం టీచర్లకే. బ్యాంకు ఉద్యోగినిని అడగండి, అసూయపడుతుంది. కాకపోతే ఆ సెలవుల మీద కన్నేసినవాళ్ళు మీ ఇంట్లో చాలామంది ఉంటారు. పిల్లలు ఇంట్లో ఉంటారు, పెళ్ళిళ్ళు ఉంటాయి, ఆడపడుచులు వస్తారు, మే నెల రాగానే ఆవకాయ. ఈ ఒక్క ఏడాది ఆవకాయ బయట కొనండి. కొన్న ఆవకాయతో అన్నం తిని పోయినవాళ్ళు లేరు. మీ అత్తగారు మాత్రం దాని గురించి సంక్రాంతి దాకా మాట్లాడతారు, వింటూ ఉండండి. ఇంకో మాట, జూన్ పరీక్షలు బడి తెరిచాక కూడా సాగుతాయి. తేదీలు రాగానే మీ హెడ్మాస్టరుకు సెలవు చీటీ ఇవ్వండి, పరీక్షకని స్పష్టంగా రాసి. "ఒంట్లో బాగాలేదు" అని రాయకండి. మళ్ళీ దాచడం మొదలవుతుంది.

ఈ జూన్‌కు ఆర్థిక చరిత్ర, దానితోపాటు డిసెంబరుకని సగం చదివి వదిలేసిన రెండింటిలో ఒకటి తీసుకోండి. ఒకసారి దున్నిన నేల కదా.

మార్కుల మాట. పాసవడానికి అసైన్‌మెంటులోనూ పరీక్షలోనూ విడివిడిగా నూటికి 40 రావాలి. అసైన్‌మెంట్ల వాటా 30 శాతం, పరీక్ష వాటా 70. మీకు తరువాతెప్పుడైనా కాలేజీ లెక్చరర్లకు అర్హత పరీక్ష అయిన నెట్ రాయాలనిపిస్తే జనరల్ అభ్యర్థులకు పీజీలో 55 శాతం అడుగుతారు, కాబట్టి గురి అక్కడ పెట్టండి. అసైన్‌మెంటులో నూటికి 80 తెచ్చుకుంటే మీ ఖాతాలో 24 పడ్డట్టే. ఇంకో 31 కావాలి, అంటే పరీక్షలో నూటికి 44, 45 చాలు. చాలామంది ఆఖరి వారం ఎవరి నోట్సో చూసి అసైన్‌మెంట్లు దింపేసి, పరీక్షలో 60 తెచ్చుకోవాలని తంటాలు పడతారు. బాబు పక్కన కూర్చుని తాపీగా రాసుకునే పనిలో వచ్చే మార్కుల్ని వదులుకుని, గుండెదడతో మూడు గంటలు రాసే పరీక్షలో వెతుక్కోవడం నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఇంగ్లీషు గురించి మీరు ఒక్క వాక్యమే రాసి వదిలేశారు. మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా అలసిపోయేలా చేస్తున్నది అదేనని నాకనిపిస్తోంది. తెలియని విషయాన్ని అలవాటులేని భాషలో చదివితే రెండు బరువులు ఒకేసారి మోసినట్టు. ఒకటి ముందు దింపుకోండి. తెలుగు అకాడమీ డిగ్రీ చరిత్ర, అర్థశాస్త్రం పుస్తకాలు మీ దగ్గర ఉండే ఉంటాయి, లేకపోతే పాత పుస్తకాల షాపులో దొరుకుతాయి. ఇంగ్లీషు యూనిట్ తెరిచే ముందు అదే అంశం తెలుగులో అరగంట చదవండి. ఉదాహరణకు శాశ్వత శిస్తు నిర్ణయం. 1793లో బెంగాలులో మొదలైంది, మన ఉత్తర సర్కారులకు, అంటే ఈ కోస్తా జిల్లాలకు, 1802లో వచ్చింది. ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన శిస్తు శాశ్వతంగా తేల్చేసి, రైతు దగ్గర ఎంత గుంజుకోవాలో జమీందారుకు వదిలేశారు. ఇంత తెలుగులో పట్టుబడ్డాక ఇంగ్లీషు పేజీ చదివితే మాటలు మాత్రమే కొత్తగా ఉంటాయి. ఆ మాటల్ని ఒక చిన్న నోట్సులో రాసుకుంటూ పోండి. మూడు యూనిట్లు అయ్యేసరికి అవే మాటలు తిరిగి తిరిగి వస్తున్నాయని మీరే గమనిస్తారు. జవాబులు కూడా చిన్న చిన్న వాక్యాల్లో రాయండి. చరిత్రలో మార్కులు విషయానికి, వాదనకు. గ్రాంథికమైన ఇంగ్లీషుకు కాదు.

మీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ ఆర్థిక చరిత్ర పేపరులోదే కదా. ఆ పేపరే పోయిందని మీరు మరీ కుంగిపోయినట్టున్నారు. నాకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. మనకు నిజంగా పట్టింపు ఉన్న పేపరులో ఒక్క ప్రశ్నకే ముప్పావు గంట రాసి, మిగతావాటికి టైము చాలక కూర్చుంటాం. ఈసారి గడియారం ఎదురుగా పెట్టుకుని పాత ప్రశ్నపత్రం ఒకటి ఇంట్లో రాసి చూడండి.

కూర్చునే చోటు గురించి కూడా. ద్వారకానగర్‌లో విశాఖపట్నం పబ్లిక్ లైబ్రరీ ఉంది, మంచి చోటు. కానీ కూర్మన్నపాలెం నుంచి రానూ పోనూ రెండు గంటలు బస్సుకే పోతాయి, ప్రతి వారం నడిచే పని కాదు. పరీక్షకు ముందు నెలలో ఒకటి రెండు రోజులు పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా కూర్చోండి. మామూలు రోజుల్లో బడి వదిలాక ముప్పావు గంట స్టాఫ్‌రూములో కూర్చోగలరేమో అడగండి. ఇంటికి వెళ్ళాక చదవాలనుకునే రెండు గంటల కన్నా ఆ ముప్పావు గంటే నయం. బీచ్‌కి వెళ్ళి ప్రశాంతంగా చదువుకోమని ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి. గాలికి కాగితాలు నిలవవు, మురీ మిక్చర్ బండి వాసనకు మనసు నిలవదు.

నిద్ర విషయంలో బతిమాలను, కోప్పడతాను. పన్నెండింటికి పడుకుని నాలుగున్నరకు లేవడమంటే నాలుగున్నర గంటలు. పెద్దవాళ్ళకు రోజుకు ఏడు గంటలన్నా కావాలని డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. చదివింది తలలో కుదురుకునేది నిద్రలోనే. కళ్ళు తిరుగుతున్నాయని రాశారు. ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించుకుని హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు చూపించుకోండి. అత్తగారి షుగరు పరీక్షకు తీసుకువెళతారు కదా, ఆ రోజే మీ చేయి కూడా చాచండి. రాత్రి పదిన్నర తరువాత పుస్తకం ముట్టుకోకండి. పొద్దున్న టిఫిను, క్యారేజీ వేరువేరుగా చేస్తున్నారేమో, వారంలో మూడు రోజులు ఒకటే చేయండి. ఉప్మా క్యారేజీలో పెట్టుకుని వెళితే బడిలో ఎవరూ గేటు దగ్గర ఆపరు.

పిల్లల గురించి మీరు పడుతున్న అపరాధభావానికి నా దగ్గర పెద్ద మందు లేదు. అమ్మాయిని కూర్చోబెట్టి డిసెంబరు సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఒక పేపరు పోయిందని కూడా. ఎనిమిదో తరగతి పిల్లకు అమ్మ ఫెయిలయిన సంగతి తెలియడం నష్టమేమీ కాదు. దానికి లెక్కల్లో తక్కువ వచ్చిన రోజున ఎవరికి చెప్పుకోవాలో తెలుస్తుంది. ఆదివారం ఒక పూట మాత్రం పుస్తకం పూర్తిగా మూసేయండి. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ మీకు మరీ దూరం కాదు. రాతిలో తొలిచిన బౌద్ధ గుహలు, స్తూపాలు చూసినట్టూ ఉంటుంది, పిల్లలు మెట్లెక్కినట్టూ ఉంటుంది. అక్కడ పాఠం మాత్రం చెప్పకండి. వాళ్ళు జామకాయలు అడుగుతారు, కొనిపెట్టండి.

మీ అత్తగారి దగ్గరకు వద్దాం. "ఎవరిని ఉద్ధరించడానికి" అన్నది ప్రశ్నలాగే ఉంది, కానీ మీరు దాన్ని తిట్టుగా తీసుకున్నారు. నిజమే, తిట్టే అయ్యుండొచ్చు. అయినా ఆవిడ గురించి మీరు రాసిన ఇంకో వాక్యం నన్ను వదలడం లేదు. ఆవిడ పుట్టిల్లు ప్లాంటుకు భూములిచ్చిన ఊరు. 1966లో విశాఖ ఉక్కు కోసం ఉద్యమించింది, 1971 జనవరిలో ఇందిరాగాంధీ పునాదిరాయి వేసింది, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ మూడు సంవత్సరాలూ మీరు బడిలో చెప్పగలరు. పునాదిరాయికీ ప్రారంభోత్సవానికీ మధ్య ఇరవై ఏళ్ళలో పొలాలు వదిలి, బావులు వదిలి, గ్రామదేవత గుడి వదిలి వెళ్ళినవాళ్ళు ఎక్కడికి పోయారు? ఆ సంగతి తెలిసిన మనిషి మీ ఇంట్లో మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చుని ఉంది. మీ విద్యార్థి అడిగిన ప్రశ్నా ఇదీ చుట్టాలేనమ్మా.

ఆవిడను అడగండి. మంచి చేసుకోవడానికి వేసిన ఎత్తుగా మాత్రం అడగొద్దు, పెద్దవాళ్ళు అలాంటివి ఇట్టే పసిగడతారు. చరిత్ర విద్యార్థిగా, తెలియక అడగండి. ఇంటి ముందు ఏ చెట్టుండేది, పరిహారం డబ్బు ఎవరి చేతికిచ్చారు, దాంతో ఏం చేశారు, ఆఖరిరోజు ఏం వండారు. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాసి పెట్టుకోండి. దీన్ని మౌఖిక చరిత్ర అంటారు, అదీ చరిత్ర రచనలో ఒక పద్ధతే. దీనికి ఇగ్నో వాళ్ళు మార్కులేమీ వేయరు. ఆవిడ మారిపోయి రేపటినుంచి మీకు కాఫీ పెట్టి ఇస్తుందని కూడా ఆశించకండి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఎవరికీ కాఫీ పెట్టదు.

చివరగా, ఈ ఎం.ఏ. వల్ల మీ జీతం పెరుగుతుందా? ప్రైవేటు బడిలో ఒక్క రూపాయి కూడా పెరగకపోవచ్చు. లెక్చరర్ ఉద్యోగాల ప్రకటనలు రోజూ రావు. దూరవిద్యకు విలువ లేదని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. గుర్తింపు ఉన్న సార్వత్రిక, దూరవిద్యా సంస్థల డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని విశ్వవిద్యాలయాల మంచిచెడ్డలు చూసే యూజీసీ 2022లో కూడా స్పష్టం చేసింది. అయినా మీరు చేరింది జీతం కోసం కాదని మీ ఉత్తరమే చెబుతోంది, ఒక పిల్లవాడికి జవాబు చెప్పలేక చేరారు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఏ తరగతిలో ఉన్నాడో గానీ, అతనికి బాకీ ఉన్నారు.

కాబట్టి మానకండి, నెమ్మదించండి. రేపు జిరాక్స్ షాపుకు వెళ్ళండి. హాల్‌టికెట్ వచ్చాక దానికి ఇంకో ప్రతి తీయించి ఫ్రిజ్ తలుపు మీద, మీవారి షిఫ్టు చార్టు పక్కనే అంటించండి. పరీక్ష తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టే పని బాబుకు అప్పగించండి.